మాటలు వచ్చాక వేయిస్తామన్న టీకా: మిన్నెసోటా సొమాలీ పిల్లల్లో తట్టు, 2017

2017 ఏప్రిల్ 10న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఒక అనుమానిత తట్టు కేసు గురించి సమాచారం అందింది. రెండేళ్లు దాటిన బిడ్డ. జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, ఆసుపత్రిలో చేర్చారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనే మూడు జబ్బులను అడ్డుకునే ఎం.ఎం.ఆర్. టీకా పడలేదు. విదేశాలకు వెళ్లిరాలేదు, తట్టు వచ్చినవాళ్లను కలిసిన గుర్తూ లేదు. మర్నాడే ఇంకో బిడ్డ గురించి కబురు వచ్చింది. మూడేళ్లు నిండవస్తున్న ఆ బిడ్డకూ టీకా లేదు. ఆ ఇంట్లో ఏడాదిన్నర వయసున్న తోబుట్టువుకు కూడా అవే లక్షణాలు. దద్దుర్లు మార్చి 30నే మొదలయ్యాయి. ముగ్గురి నమూనాల్లోనూ తట్టు వైరస్ ఉన్నట్టు ప్రయోగశాల తేల్చింది. ఎవరు తెచ్చారో తెలియని వైరస్ ఇలా బయటపడిందంటే అది అప్పటికే ఊళ్లో తిరుగుతోందని అర్థం.

ఆగస్టు 25న వ్యాప్తి ముగిసిందని ప్రకటించే నాటికి 75 మందికి తట్టు నిర్ధారణ అయింది. అత్యధికులు మినియాపొలిస్ నగరం ఉన్న హెనెపిన్ కౌంటీ వారే. నూటికి ఎనభై మంది సొమాలీ సంతతి వారు. నూటికి తొంభై మందికి ఒక్క డోసు టీకా కూడా పడలేదు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎవరూ చనిపోలేదు. ఆ ఏడాది అమెరికా మొత్తం మీద నమోదైన తట్టు కేసులు 120. అందులో సగానికి పైగా ఈ ఒక్క రాష్ట్రంలో, అందులోనూ అత్యధికం ఒక్క సమాజంలో.

నేను ఆ నగరంలో పిల్లల వైద్యం చేస్తున్న తెలుగు డాక్టరును. ఈ కేసును తెలుగులో పూర్తిగా రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వలస వచ్చిన మైనారిటీ సమాజాల్లో పిల్లలకు టీకాలు తక్కువ అనగానే చదువు లేదు, అవగాహన లేదు, ఆసుపత్రి దూరం అని చెప్పేస్తారు. ఈ కేసులో అవేవీ కావు. ఆ తల్లులు అడిగిన ప్రశ్న ఆటిజం గురించి, అంటే మాటలు, నలుగురితో మెలగడం దెబ్బతినే ఎదుగుదల తేడా గురించి. మా వైద్య వ్యవస్థ ఏళ్ల తరబడి వాళ్లకు ఇచ్చిన జవాబు తట్టు గురించి. ఆ రెంటి మధ్య మిగిలిన ఖాళీలోకి వైరస్ వచ్చింది.

92 నుంచి 42కు

సొమాలియాలో అంతర్యుద్ధం మొదలయ్యాక, 1990ల తొలినాళ్ల నుంచి సొమాలీలు మిన్నెసోటాకు శరణార్థులుగా రావడం మొదలైంది. ఇవాళ అమెరికాలో అతిపెద్ద సొమాలీ సమాజం ఇక్కడే ఉంది. మినియాపొలిస్‌లోని సీడర్ రివర్‌సైడ్ ప్రాంతంలో ఎత్తయిన అపార్టుమెంట్ల చుట్టూ వాళ్ల దుకాణాలు, మసీదులు, పిల్లల్ని చూసుకునే డే కేర్ కేంద్రాలు పెరిగాయి. చాలామంది కెన్యాలోని దదాబ్ వంటి శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చినవారు. తట్టు అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లను చూసి వచ్చారు. అందుకే తొలి ఏళ్లలో టీకా అంటే బారులు తీరారు.

రాష్ట్రంలో టీకాల వివరాలు కంప్యూటర్ రిజిస్ట్రీలో ఉంటాయి. 2004లో పుట్టిన సొమాలీ పిల్లల్లో రెండేళ్లు నిండేలోపు ఎం.ఎం.ఆర్. మొదటి డోసు వేయించుకున్నవారు 92 శాతం. ఇతర పిల్లల కంటే వీళ్లేమీ వెనకబడి లేరు. 2014లో పుట్టిన సొమాలీ పిల్లల్లో ఆ సంఖ్య 42 శాతం. ఈ పదేళ్లలో ఇతర పిల్లల శాతం దాదాపు మారకుండా 90కి దగ్గరగానే నిలిచింది.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. టీకా వేసే చోటు మారలేదు. ఖర్చు పెరగలేదు, పేద పిల్లలకు టీకా ఉచితమే. అదే సమాజం, అవే వీధులు. ఇతర టీకాలకు వాళ్లలో ఇంత పతనం కనిపించలేదు. పోలియో టీకానో, ధనుర్వాతం టీకానో వద్దనని తల్లి ఎం.ఎం.ఆర్. దగ్గరకు వచ్చేసరికి ఆగేది. ఇది టీకాల మీద మొత్తంగా పోయిన నమ్మకం కాదు. ఒక్క టీకా మీద పుట్టిన భయం.

జవాబు దొరకని ప్రశ్న

2008 ప్రాంతంలో మినియాపొలిస్‌లోని సొమాలీ తల్లిదండ్రులు ఒక విషయం గమనించారు. ప్రభుత్వ బడుల్లో ఆటిజం ఉన్న చిన్నపిల్లల కోసం నడిపే తరగతుల్లో తమ పిల్లలు ఎక్కువగా ఉన్నారు. సొమాలియాలో ఇలాంటి పిల్లల్ని మేం చూడలేదు, ఇక్కడికి వచ్చాకే ఎందుకు ఇలా జరుగుతోంది అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. రాష్ట్ర ఆరోగ్య శాఖ 2009లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ తరగతుల్లో సొమాలీ పిల్లల నిష్పత్తి నిజంగానే ఎక్కువగా ఉందని ఒప్పుకుంది. ఎందుకో చెప్పలేకపోయింది. 2013 చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం మరింత లోతైన లెక్క వెల్లడించింది. నగరంలో 7 నుంచి 9 ఏళ్ల సొమాలీ పిల్లల్లో ప్రతి 32 మందికి ఒకరిలో, తెల్లజాతి పిల్లల్లో ప్రతి 36 మందికి ఒకరిలో ఆటిజం గుర్తించారు. ఈ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. ఆటిజం ఉన్న సొమాలీ పిల్లలందరిలోనూ మేధోపరమైన వైకల్యం కూడా ఉంది. ఇతర వర్గాల్లో ఆటిజం ఉన్న పిల్లల్లో అది సుమారు మూడో వంతు మందిలోనే కనిపించింది.

తల్లుల అనుభవంలో నిజం ఉందని నేను అంటున్నది ఇందుకే. వాళ్ల చుట్టూ కనిపించిన పిల్లలు తీవ్రంగా ప్రభావితులైన పిల్లలు. మాటలు రాని పిల్లలు, వచ్చిన నాలుగు మాటలూ పోయిన పిల్లలు. ఆ తల్లికి శాతాల్లో తేడా లేదని చెప్పడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ప్రశ్న అలా గాలిలో ఉండగా జవాబుతో ఒకరు వచ్చారు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 12 మంది పిల్లల మీద రాసిన పత్రం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం లోకమంతా పాకింది ఆ పత్రంతోనే. 2010 ఫిబ్రవరిలో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది మేలో బ్రిటన్ వైద్య మండలి ఆయన పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది. ఆ ఏడాది చివర్లోనే ఆయన మినియాపొలిస్ వచ్చి సొమాలీ తల్లిదండ్రులతో సమావేశమయ్యారు. తరువాత మళ్లీ వచ్చారు. మీ పిల్లల గురించి నాకు ఆందోళన ఉంది అని ఎదురుగా కూర్చుని చెప్పిన పెద్ద డాక్టరు బహుశా వాళ్లకు ఆయనే కావడం నన్ను ఇప్పటికీ కలచివేసే సంగతి. టీకా వ్యతిరేక బృందాలు ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ సమాజంలో పనిచేశాయి, 2017లో వ్యాప్తి సాగుతున్నప్పుడు కూడా సభ పెట్టాయి.

2011లోనే ఒక హెచ్చరిక వచ్చింది. కెన్యా నుంచి తిరిగివచ్చిన రెండున్నరేళ్ల బిడ్డ ద్వారా హెనెపిన్ కౌంటీలో తట్టు పాకి 21 మందికి సోకింది. అది ఆగింది. టీకా శాతం మాత్రం ఆగకుండా దిగజారుతూనే ఉంది.

శాస్త్రం వైపు నుంచి సందేహానికి తావు లేదు. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 వరకు పుట్టిన 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. ఎం.ఎం.ఆర్. వేయించుకున్నవారిలో ఆటిజం ఎక్కువ కాలేదు. నాకు ఆ అధ్యయనంలో అన్నిటికంటే పనికొచ్చే భాగం వేరు: అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్ని విడిగా చూసినా టీకా వల్ల ప్రమాదం పెరగలేదు. పెద్దబిడ్డకు ఆటిజం ఉన్న తల్లి రెండో బిడ్డను ఒళ్లో పెట్టుకుని అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే.

టీకా వల్లే వచ్చిందని ఆ తల్లికి ఎందుకు అనిపిస్తుంది? అమెరికాలో ఎం.ఎం.ఆర్. మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడేది 15 నుంచి 24 నెలల మధ్య. కొందరు పిల్లల్లో వచ్చిన మాటలు ఆ వయసులోనే పోతాయి. ముందు టీకా, తరువాత మౌనం. కళ్లతో చూసిన ఈ వరుసను కాదని నమ్మించడం తేలిక కాదు, ఆమెను తెలివితక్కువదని అనుకునే హక్కు మనకు అంతకన్నా లేదు.

ఖాళీ ఏ వయసులో ఉంది

వ్యాప్తి గురించి రాసినవారు చాలామంది సొమాలీ తల్లులు టీకాను నిరాకరించారని రాశారు. నా గదిలో నేను విన్న మాట అది కాదు. వద్దని అనేవాళ్లు తక్కువ. ఇప్పుడే వద్దు, మాటలు రానివ్వండి, ఆ తరువాత వేయిస్తాను అనేవాళ్లు ఎక్కువ. బడిలో చేర్చే వయసుకు వాళ్లలో చాలామంది వేయించేవారు కూడా. మిన్నెసోటా చట్టం ప్రకారం నమ్మకాల కారణంగా టీకా వద్దనుకుంటే నోటరీ చేయించిన పత్రం ఇస్తే సరిపోతుంది. అయినా ఆయిదేళ్ల నాటికి ఆ సమాజంలో టీకా పడ్డ పిల్లలు రెండేళ్ల పిల్లల కంటే బాగా ఎక్కువగా కనిపించేవారు.

వాయిదా కదా, నిరాకరణ అంత ప్రమాదం కాదనిపిస్తుంది. తట్టు విషయంలో అలా అనుకోవడానికి వీల్లేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డలో కొన్ని నెలలే ఉంటాయి. ఏడాది నిండేసరికి దాదాపు అందరిలో అరిగిపోతాయి. అక్కడి నుంచి టీకా పడే రోజు వరకు బిడ్డకు రక్షణ ఏమీ లేదు. మాటలు వచ్చేదాకా అంటే మూడు, నాలుగేళ్లు. ఒకటి నుంచి నాలుగేళ్ల వయసంటే సరిగ్గా డే కేర్ వయసు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇళ్ల పిల్లలు, ఒకే భాష మాట్లాడే ఆయాల దగ్గర, ఒకే గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటారు. ఈ వ్యాప్తి మొదట్లో పాకింది ఇలాంటి కేంద్రాల్లోనే. మే నెలాఖరు నాటి లెక్కల్లో రోగుల మధ్యస్థ వయసు 21 నెలలు, అంటే సుమారు సగం మంది అంతకంటే చిన్నవాళ్లు. ఆ ఒక్క సంఖ్యలో ఈ కేసు మొత్తం ఉంది.

లెక్క వేసి చూడవచ్చు. ఇరవై మంది పిల్లలున్న గది. 92 శాతం రోజుల్లో అయితే ఆ గదిలో టీకా లేనివాళ్లు ఒకరో ఇద్దరో. తట్టు ఒకరికి వచ్చినా అక్కడితో ఆగిపోతుంది. 42 శాతం రోజుల్లో పన్నెండు మందికి టీకా లేదు. రక్షణ లేనివారు తట్టు రోగికి దగ్గరగా ఉంటే పదిమందిలో తొమ్మిది మందికి సోకుతుంది. వైరస్ గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు కాబట్టి రోగి వెళ్లిపోయిన గదిలోకి అడుగుపెట్టినా చాలు. పైగా దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందే ఆ బిడ్డ ఇతరులకు అంటించడం మొదలుపెడుతుంది. అది మామూలు జలుబు, దగ్గు, కంటి ఎరుపు అనుకునే రోజులు. ఎవరూ బిడ్డను ఇంట్లో ఆపరు.

తట్టు ఆగాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలని మనం చెప్పుకుంటాం. ఆ 95 రాష్ట్రానికి చూడాలా, జిల్లాకు చూడాలా, గదికి చూడాలా? వైరస్ తిరిగేది గదిలో. మిన్నెసోటా రాష్ట్ర సగటు చూసి ఎవరూ భయపడలేదు. సొమాలీలు రాష్ట్ర జనాభాలో చాలా కొద్ది శాతం కాబట్టి వాళ్ల పతనం సగటును కదిలించనేలేదు. ఏ సమాజంలో పుట్టిన బిడ్డ అన్న వివరం రిజిస్ట్రీకి జోడించి చూసినవారికి మాత్రమే ఆ గొయ్యి కనిపించింది. జాతి, భాషల వారీగా లెక్కలు తీయడం ఒక సమాజాన్ని వేలెత్తి చూపడమేనన్న అభ్యంతరం నేను తరచు వింటాను. అందులో న్యాయం ఉంది. వ్యాప్తి రోజుల్లో సొమాలీ కుటుంబాలు బస్సుల్లో, దుకాణాల్లో ఎదుర్కొన్న చూపులు నాకు తెలుసు. అయినా విడిగా లెక్క తీయకపోతే ముందుగా దెబ్బతినేది ఆ సమాజపు పిల్లలే. లెక్క తీయాలి, తీసిన లెక్కను ముందుగా ఆ సమాజపు పెద్దల చేతికే ఇవ్వాలి.

పరీక్ష గదిలో

వైద్య విద్యార్థుల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. తట్టు అంటే ఎర్రటి దద్దుర్లు అని పుస్తకాల్లో చదువుతాం. ఆ బొమ్మలు తెల్లటి చర్మం మీద తీసినవి. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు. ముదురు రంగు మచ్చల్లా, గరుకుగా ఉంటుంది. అరచేత్తో నుదుటి నుంచి మెడ మీదుగా వీపు దాకా తడిమి చూస్తే చూపుకు అందనిది వేళ్లకు అందుతుంది. దద్దుర్లు జుట్టు మొదళ్ల దగ్గర, చెవుల వెనక మొదలై కిందికి దిగుతాయి. నోరు తెరిచి బుగ్గల లోపలి వైపు చూడాలి. ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి కోప్లిక్ మచ్చలు ఏ రంగు చర్మం వారిలోనైనా ఒకలాగే ఉంటాయి, దద్దుర్లకు ఒకటి రెండు రోజుల ముందే వస్తాయి. అవి కనిపిస్తే ఇక పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు.

మేమంతా నేర్చుకున్న ఇంకో పద్ధతి, అనుమానం ఉన్న బిడ్డను వెయిటింగ్ హాల్లోకి రానివ్వకపోవడం. ముందుగా ఫోనులో మాట్లాడి, కారులోనే ఉండమని చెప్పి, విడి ద్వారం గుండా తీసుకెళ్లేవాళ్లం. ఆ గదిని తరువాత రెండు గంటలు ఖాళీగా ఉంచాలి. ఆసుపత్రి హాల్లో పది నిమిషాలు కూర్చున్న ఒక్క తట్టు బిడ్డ వల్ల నెలల పసికందులు, క్యాన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలు ప్రమాదంలో పడతారు.

తట్టుకు నేరుగా పనిచేసే మందు లేదు. విటమిన్ ఎ రెండు రోజులు వరుసగా ఇస్తాం. ద్రవాలు, ఆక్సిజన్, న్యుమోనియా వస్తే దానికి చికిత్స. తట్టు సోకిన పిల్లల్లో ఇరవై మందిలో ఒకరికి న్యుమోనియా వస్తుంది. వెయ్యిలో ఒకరికి మెదడు వాపు. తగ్గాక కూడా అపాయం పూర్తిగా పోదు. వేరే జబ్బుల మీద బిడ్డ సంపాదించుకున్న యాంటీబాడీల్లో కొంత భాగాన్ని తట్టు తుడిచేస్తుందని 2019లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ఆ వేసవిలో పిల్లలెవరూ చనిపోకపోవడానికి కారణం మంచి ఆసుపత్రులు దగ్గరలో ఉండటం. అదే వైరస్ శరణార్థి శిబిరంలో, అర్ధాకలి పిల్లల మధ్య, ఇలా వదిలిపెట్టదు.

ఆపిన తీరు

ఎనిమిది వేల మందికి పైగా మనుషులు రోగుల దగ్గరికి వచ్చినట్టు ఆరోగ్య శాఖ గుర్తించింది. అందరి టీకా వివరాలూ వెతికారు. రక్షణ లేనివారికి తట్టు తగిలిన 72 గంటల్లోపు ఎం.ఎం.ఆర్. వేయవచ్చు, ఆ గడువు దాటితే ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) ఇవ్వవచ్చు. గడువులోపు రక్షణ అందనివాళ్లు 21 రోజులు ఇంట్లో ఉండాలి. ఐదు వందల మందికి పైగా అలా ఇంట్లో ఉండిపోయారు. ఈ 21 రోజుల బరువును బయటివారు తక్కువ అంచనా వేస్తారు. గంటల లెక్కన జీతం తీసుకునే తల్లి మూడు వారాలు పనికి పోకపోతే ఆ నెల అద్దె కట్టడం కష్టం. ప్రభుత్వ సంస్థలకు ఈ వ్యాప్తి వల్ల అయిన ఖర్చు సుమారు 13 లక్షల డాలర్లని లెక్కకట్టారు. ఇళ్లలో పోయిన కూలి ఆ లెక్కలో లేదు.

టీకా షెడ్యూలును కూడా ముందుకు జరిపారు. మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వేసే రెండో డోసును మొదటి డోసు తరువాత 28 రోజులకే వేయమని రాష్ట్రంలోని సొమాలీ పిల్లలందరికీ, హెనెపిన్ కౌంటీ పిల్లలందరికీ సూచించారు. ఒక డోసు నూటికి 93 మందికి, రెండు డోసులు 97 మందికి రక్షణ ఇస్తాయి. అంతకుముందు రాష్ట్రంలో వారానికి సగటున 2,700 ఎం.ఎం.ఆర్. డోసులు వేసేవారు. వ్యాప్తి ముదిరాక వారానికి దాదాపు 10,000కు చేరింది.

ఆ తల్లులను కదిలించినది ఎవరు? మా తెల్లకోట్లు కావు. సొమాలీ భాషలోనే పుట్టి పెరిగిన ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు, మసీదులో శుక్రవారం ప్రసంగం చేసే ఇమాములు, తట్టును కళ్లారా చూసిన అమ్మమ్మలు. మినియాపొలిస్‌లో పుట్టి పెరిగిన యువ తల్లికి ఆటిజం ఎదురింట్లో ఉంది, తట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆమె తల్లికి తట్టు జ్ఞాపకం. ఒకే ఇంట్లోని ఆ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు మా పని సగం తగ్గేది.

మతపరమైన ఒక అభ్యంతరాన్ని కూడా గౌరవంగా వినాలి. అమెరికాలో అప్పుడు దొరికిన ఎం.ఎం.ఆర్. టీకాలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. తినడం వేరు, రూపం మారిన పదార్థాన్ని చికిత్సగా వాడటం వేరు అని ఇస్లామిక్ పండితులు 1995లో కువైట్‌లో జరిగిన సదస్సులో తేల్చారు. ఇమాములు ఆ మాట చెబితే చెల్లింది, నేను చెబితే చెల్లేది కాదు. 2022 జూన్‌లో జెలటిన్ లేని ప్రయోరిక్స్ అనే ఎం.ఎం.ఆర్. టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని తెప్పించి ఉంచడం ప్రతి క్లినిక్ చేయగలిగిన పని. మూడు జబ్బులకు మూడు విడి టీకాలు వేయండి అని కొందరు అడుగుతారు. తట్టుకు మాత్రమే పనిచేసే విడి టీకా 2009 నుంచి అమెరికాలో దొరకడం లేదు. వాయిదా వేయడానికి ఇంకో సాకుగా మారకముందే ఈ సంగతి చెప్పేయడం మంచిది.

నా అభిప్రాయంలో సంభాషణ వరుస మార్చడమే అన్నిటికంటే ముఖ్యం. తట్టు ఎంత ప్రమాదమో చెప్పి భయపెట్టడంతో మొదలుపెడితే ఆ తల్లి మర్యాదగా తలూపి వెళ్లిపోతుంది. ఆమె భయం వేరే చోట ఉంది. ముందు ఆటిజం గురించి మాట్లాడాలి. మీ చుట్టుపక్కల ఎవరి పిల్లల్ని చూశారు, మీ బిడ్డలో ఏం గమనిస్తున్నారు, పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, వేలు చూపిస్తున్నాడా అని అడగాలి. ఆటిజానికి జన్యుపరమైన మూలాలు ఉన్నాయని, మెదడు ఎదుగుదలలో ఆ తేడా పుట్టక ముందే మొదలవుతుందని, టీకా మానేసిన పిల్లల్లోనూ అది అంతే శాతంలో వస్తోందని చెప్పాలి. ఈ చివరి మాటకు ఆ సమాజంలోనే రుజువు ఉంది. పదేళ్లుగా టీకా శాతం సగానికి పైగా పడిపోయినా వాళ్ల పిల్లల్లో ఆటిజం తగ్గలేదు. నేను ఈ ఒక్క వాక్యం చెప్పాక గదిలో నిశ్శబ్దంగా ఆలోచించిన తల్లులు చాలామంది.

మన ఇళ్లకు సంబంధించినంత వరకు

మిన్నెసోటాలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. వేసవి సెలవులకు పసిబిడ్డతో హైదరాబాదుకో విజయవాడకో ప్రయాణం కట్టే తల్లిదండ్రులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. భారతదేశంలో తట్టు, రుబెల్లా కలిపిన ఎం.ఆర్. టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. అక్కడ తట్టు ఇంకా తిరుగుతోంది కాబట్టి తొందరగా మొదలుపెడతారు. 9 నెలలకు వేస్తే నూటికి 85 మందిలోనే రక్షణ వస్తుంది, ఏడాది నిండాక వేస్తే 95 మందిలో వస్తుంది. తల్లి యాంటీబాడీలు టీకాను కొంత అడ్డుకోవడం అందుకు ఒక కారణం. అందుకే అమెరికాలో ఏడాది నిండకముందు వేసిన డోసును లెక్కలోకి తీసుకోరు. 6 నుంచి 11 నెలల బిడ్డను విదేశాలకు తీసుకెళ్తుంటే ముందస్తుగా ఒక డోసు వేయించాలి, ఏడాది నిండాక మళ్లీ రెండు డోసులు వేయించాలి. మళ్లీ ఎందుకని చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు నన్ను అడిగారు. ఆ ముందస్తు డోసు ప్రయాణానికి రక్షణ. మిగిలిన రెండు జీవితానికి.

మిన్నెసోటాలో వ్యాప్తి ముగిసిన ఆ 2017 ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ల పిల్లలందరికీ ఎం.ఆర్. టీకా వేసే పెద్ద కార్యక్రమం మొదలైంది. మన మన్యంలో కొండరెడ్డి, కోందు, సవర గూడేల పిల్లలకూ, ఈ సొమాలీ పిల్లలకూ మధ్య పోలిక ఒక మేరకే. అక్కడ టీకా చేరకపోవడానికి ఎక్కువగా కారణం కొండ దారులు, వానాకాలంలో తెగిపోయే వాగులు, చల్లగా మోసుకెళ్లాల్సిన పెట్టె. తల్లి వద్దనడం కాదు. ఇక్కడి పరిష్కారం అక్కడ పనిచేయదు. రెండు చోట్లా పనికొచ్చేది ఒకటే ఉంది, జిల్లా సగటుతో తృప్తి పడకుండా గూడెం వారీగా, వయసు వారీగా టీకా లేని పిల్లల పేర్లు చేతిలో ఉండటం.

2017 తరువాత

ఈ కేసు విజయగాథ కాదు. వ్యాప్తి నెలల్లో పెరిగిన టీకా శాతం భయం చల్లారాక మళ్లీ జారింది. కొవిడ్ కాలంలో పిల్లల టీకాలన్నీ వెనకబడ్డాయి. 2020ల తొలి ఏళ్లలో రెండేళ్ల సొమాలీ పిల్లల్లో నాలుగో వంతు మందికే ఎం.ఎం.ఆర్. పడింది, అంటే 2017 నాటి కంటే దిగువకు. 2022లో మిన్నెసోటాలో 22 తట్టు కేసులు, 2024లో 70 కేసులు వచ్చాయి. ఎక్కువమంది టీకా లేని పిల్లలే, అందులో ఎక్కువమంది మళ్లీ సొమాలీ పిల్లలే.

ప్రచారం ఒక వేసవికి సరిపోయింది, నమ్మకం తిరిగి రావడానికి సరిపోలేదు. అది ఎందుకో నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. వ్యాప్తి వచ్చినప్పుడు డబ్బు, మనుషులు, సొమాలీ భాషలో కరపత్రాలు అన్నీ వచ్చాయి. ఆటిజం ఉన్న బిడ్డకు నిర్ధారణ పరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసే తల్లికి మాత్రం ఏమీ మారలేదు. 2013 నాటి అధ్యయనంలో సొమాలీ పిల్లలకు ఆటిజం నిర్ధారణ అయిన సగటు వయసు దాదాపు ఐదేళ్లు. శిక్షణ ఎక్కువగా పనిచేసే వయసు అప్పటికే దాటిపోయింది. టీకా కోసం మాత్రమే గుర్తుకొచ్చే వ్యవస్థను ఏ తల్లి నమ్ముతుంది?

ప్రస్తుతం మా దగ్గర ఎం.ఎం.ఆర్. మాట పన్నెండో నెల దాకా ఆగదు. నాలుగు నెలల బిడ్డను చూపించడానికి వచ్చినప్పుడే సొమాలీ నర్సు మొదలుపెడుతుంది, ఆరో నెలలో, తొమ్మిదో నెలలో కొనసాగిస్తుంది. 18, 24 నెలల వయసులో ప్రతి బిడ్డకూ ఆటిజం లక్షణాల ప్రశ్నావళి పూర్తిచేయిస్తాం. తల్లికి అనుమానం ఉంటే ఆ వయసు రాకముందే చేయిస్తాం. ఏ కొంచెం తేడా కనిపించినా నిపుణుల దగ్గరికి, మాటల శిక్షణకు పంపే ఉత్తరం ఆ రోజే రాస్తాను. తల్లి ఆ రోజు టీకా వేయించినా, వేయించకపోయినా రాస్తాను. వేయించకపోతే మరుసటి నెలకు ఇంకో అపాయింట్‌మెంట్ ఇచ్చి పంపుతాను.